గోడ అవతలి పద్దు

ఇల్లు కట్టుకున్నవాడికి గృహప్రవేశం అయిన మర్నాటి నుంచే ఒక ప్రశ్న మొదలవుతుంది: మిగిలిన ఖాళీ జాగాలో ఏం వెయ్యాలి? తల్లి కూరగాయలు వెయ్యమంటుంది, భార్య పూలమొక్కలు వెయ్యమంటుంది, కొడుకు సిమెంటు పోయించి బండి నిలుపుకుందామంటాడు. మా ఇంట్లోనూ అదే జరిగింది. బ్యాంకు ఉద్యోగంలో ఊరూరూ తిరుగుతూ, అద్దె ఇళ్ళలో ఒక తులసికుండీ తప్ప మరేమీ పెంచుకోలేకపోయినవాణ్ణి, 2016లో రాజపాలయం పక్కన చోళపురంలో సొంత ఇల్లు కట్టుకున్నాను. ఇంటి చుట్టూ నాలుగు సెంట్ల నేల మిగిలింది. పడమటి కొండల గాలి తగిలే నేల.

ఆ నాలుగు సెంట్లలో నేను చేసిన ఒక తప్పు గురించి ఇక్కడ రాస్తున్నాను. తోటపని గురించి సలహా చెప్పే అర్హత నాకు లేదు. నేను చదివింది బి.కాం., తెలిసింది జమాఖర్చు. అయితే ఆ తప్పు నాకు అర్థమైంది కూడా జమాఖర్చు భాషలోనే గనుక, ఆ భాషలోనే చెబుతాను.

మల్లె, కనకాంబరం కావాలన్నది మా ఆవిడ. నందివర్ధనం, మందారం పూజకు ఉండాలన్నది మా అమ్మ. వాటికి జాగా దొరికింది. నాకు కావలసింది మాత్రం తూర్పు గోడ వెంట ఒక పచ్చని దడి. గోడకు అవతల పొరంబోకు సందు. దుమ్ము, పశువులు, వచ్చేపోయేవాళ్ళ చూపులు. మొక్కలు అమ్మే అతను ఏమాత్రం ఆలోచించకుండా, "అరళి వెయ్యండి సార్. నీళ్ళు అడగదు, ఏడాది పొడుగునా పూస్తుంది, మేక ముట్టదు" అన్నాడు. అరళి అంటే మన గన్నేరే. నాలుగు దారుల రోడ్ల మధ్య వరసగా ఎర్రగా, తెల్లగా పూసి కనిపించేది అదే. అక్కడ దాన్ని ఎంచుకున్నదీ ఈ గుణాలకే. మేక ముట్టదన్న ఒక్క మాటతో నా బేరం తెగింది. ఎందుకు ముట్టదని నేను అడగలేదు.

ఇరవై మొక్కలు వేశాను. రెండేళ్ళలో తలెత్తు దాటాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. బంధువులు వచ్చి కొమ్మలు తీసుకుపోయి నాటుకున్నారు. గన్నేరు కొమ్మ గుచ్చితే బతుకుతుంది గదా. నేను ఎన్నో ఊళ్ళలో ఎంతోమందికి అప్పులు మంజూరు చేశాను కానీ, ఇంత తృప్తి ఏ సంతకంలోనూ లేదు.

2019లో సంక్రాంతికి ముందు దడిని సమంగా కత్తిరించాను. కొమ్మలన్నీ గోడ మీదుగా సందులోకి విసిరేశాను. అందరూ అక్కడే వేస్తారు. మూడు నాలుగు రోజుల ఎండకు అవి వాడిపోయాయి. పక్క వీధి ముసలమ్మ ఒకామె ఆ సందులోనే మేకలు తోలుకుపోతుంది. ఏడు మేకలు ఆమె ఆస్తి. మన మాటే మాట్లాడుతుంది, సగం తమిళం కలిపి. ఆ సాయంత్రం రెండు మేకలు నురగలు కక్కి, కాళ్ళు కొట్టుకుని చచ్చిపోయాయి.

కబురందుకుని వచ్చిన పశువైద్యుడు ఒక మేక నోటిలోంచి నలిగిన ఆకు తీసి చూశాడు. తరవాత తల ఎత్తి మా గోడ చూశాడు. ముసలమ్మ అప్పుడు నీళ్ళకు లోపలికి వెళ్ళింది. "అరళి. పచ్చి ఆకైతే చేదుకు ముట్టవు. వాడితే తినేస్తాయి. వాడినా విషం పోదు, గుండెను ఆపేస్తుంది" అని నాతో మాత్రం చెప్పి, ఇంకో ఊరికి వెళ్ళాలని బండెక్కాడు. ఆమె బయటికి వచ్చి, "ఏమన్నాడు సారూ?" అని అడిగింది. "ఏదో తినకూడనిది తిన్నాయట" అన్నాను.

అది అబద్ధం కాదు. నేను ఎంతకాలమో దాని మీదే నిలబడ్డాను.

ఆ రాత్రి పదివేల రూపాయలు తీసుకువెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. సంతలో రెండు మేకల ధరకు అటూ ఇటూగా వచ్చే మొత్తం. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి "ధర్మప్రభువు" అంది. మర్నాటికి వీధంతా తెలిసింది. బ్యాంకు సారు మనసు గొప్పదన్నారు. నేను కాదనలేదు. తల వంచుకుని విన్నాను. దాన్ని కూడా వినయం అనుకున్నారు.

ఇప్పుడు లెక్కకు వస్తాను. కామర్సులో మొదటి పాఠం: ఒకచోట ఖర్చు రాస్తే మరోచోట జమ రాయాలి. రెండు వైపులూ కలిసినంత మాత్రాన పద్దు సరైనదని కాదు. మొత్తం సరిగానే ఉండి, ఖాతా తప్పు కావచ్చు. నేను ఇచ్చిన పదివేలు బాకీ. దాన్ని దానం ఖాతాలో రాశాను. డబ్బు ఆమెకు చేరింది, నష్టం తీరింది, అంకెల్లో తేడా లేదు. కాని బాకీ తీర్చినవాడికి దండం పెట్టరు. ఆ దండం నేను ఉచితంగా రాబట్టుకున్నాను. బ్యాంకులో ఇలాంటి పద్దు రాస్తే ఆడిటులో దొరుకుతుంది, సంజాయిషీ అడుగుతారు. ఆ వీధిలో ఆడిటరు లేడు. తెలిసిన ఒక్క మనిషీ బండెక్కి వెళ్ళిపోయాడు.

నిదానంగా చూసుకుంటే ఇందులో మూడు పనులున్నాయి. దడి నాటినప్పుడు నాకు తెలియదు. అది అజ్ఞానం. కొమ్మలు విసిరినప్పుడు ఆలోచించలేదు. అది అజాగ్రత్త. డబ్బు ఇచ్చినప్పుడు నాకు అంతా తెలుసు. అది మోసం. చూసేవాళ్ళకు మొదటి రెండూ తప్పులుగా, మూడవది పుణ్యంగా కనిపిస్తుంది. వరస తిరగబడి ఉన్నదని నాకు ఒక్కడికే తెలుసు.

"అందం కోసం నాలుగు మొక్కలు వేసుకోవడానికి ఇంత విచారణ ఎందుకు? ఇలా లెక్కలు చూస్తే ఎవడూ పువ్వు పెంచలేడు" అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకుని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాని అందం కోసం తెచ్చిన మొక్కల చరిత్ర కొంత చదివిన తరవాత ఆ సర్దుబాటు నిలవలేదు. తలంబ్రాల మొక్కనే చూడండి. లంటానా అంటారు, తమిళంలో ఉణ్ణిచ్చెడి. ఒకే గుత్తిలో పసుపు, ఎరుపు కలిసి పూసే ఆ పువ్వును 19వ శతాబ్దం ఆరంభంలో కలకత్తా తోటకు అలంకారం కోసమే తెచ్చారు. అది గోడ దాటింది. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో పులులు తిరిగే ప్రాంతంలో 40 శాతానికి పైగా దాని ముప్పు కిందే ఉంది. అది కమ్ముకున్నచోట గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే జింకకు మేత లేదు. చెరువుల్లో అల్లుకునే గుర్రపుడెక్క కూడా ఊదా పువ్వు అందానికి దక్షిణ అమెరికా నుంచి దేశాలు దాటిందే. నీలగిరుల్లో, వయనాడులో ఇప్పుడు ఇంకొక చెట్టు అడవిని తినేస్తున్నది. సెన్నా స్పెక్టాబిలిస్ దాని పేరు. మన రేలపూల పసుపే దానిదీ. నీడకూ అందానికీ తెచ్చి నాటిన ఆ చెట్టును నరికి కాగితం గుజ్జుకు పంపుతున్నారు. తమిళనాడు ప్రభుత్వం 2022లో ఇలాంటి మొక్కల మీద ఒక విధానాన్నే ప్రకటించవలసి వచ్చింది.

ఇవి తెచ్చినవాళ్ళలో దుర్మార్గులు ఉన్నారని నేననుకోను. పువ్వును ఇష్టపడినవాళ్ళే. వాళ్ళ గోడ లోపల పువ్వు ఉంది, గోడ అవతల ఏముందో వాళ్ళు చూడలేదు. నేను విసిరింది ఒక మోపు, వాళ్ళు విసిరింది ఒక అడవికి సరిపడా. తేడా అంతే.

మా అబ్బాయి దీనికి సులువైన పరిష్కారం చెప్పాడు: "విదేశీ మొక్కలన్నీ పీకేద్దాం నాన్నా, మన మొక్కలే వేద్దాం." మాట బాగానే ఉంది. కాని లెక్క వేసి చూస్తే మా ఇంట్లో ఏం మిగులుతుంది? దసరాకు గుమ్మానికి కట్టే బంతి మెక్సికోది. గుళ్ళలో రాలే దేవగన్నేరుదీ ఆ ప్రాంతమే. సాయంత్రం విచ్చే చంద్రకాంత అమెరికా ఖండాలది. కాగితప్పూలు బ్రెజిల్‌వి. ఎండాకాలం ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్‌ది. మిరపకాయ కూడా అమెరికా నుంచి వచ్చిందే, దాన్ని పీకేస్తే మనం తినేదేముంది?

పైగా రెండు మేకల్ని చంపిన గన్నేరు తరతరాలుగా మన గుళ్ళలో ఉన్న పువ్వు. కరవీరమని సంస్కృతంలో పేరు, శివుడికి ప్రీతి అంటారు. అది విషమని మన వైద్య గ్రంథాలకు తెలుసు, నాకే తెలియదు. మరోవైపు బిళ్ళగన్నేరును చూడండి. మడగాస్కర్ నుంచి వచ్చిన మొక్క. తమిళంలో దానికి రెండు పేర్లు: నిత్యకల్యాణి అని ఒకటి, సుడుకాట్టు మల్లి, అంటే శ్మశాన మల్లె అని ఇంకొకటి. శ్మశానంలో పెరుగుతుందని ఇళ్ళలో వెయ్యనివాళ్ళు ఉన్నారు. దాని ఆకుల నుంచి తీసిన మందులు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ప్రాణం పోశాయి, ఇప్పటికీ పోస్తున్నాయి. మన దక్షిణ తమిళనాట మెట్టపొలాల్లో దాన్ని పైరుగానే వేస్తారు. ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఈ రెండు గన్నేరులూ రెండు ఎదురు జవాబులు చెబుతున్నాయి.

సర్కారు తుమ్మ సంగతి ఇంకా చిక్కు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం వైపు వేశారంటారు. అది అందానికి కాదు, వంటచెరకుకు. ఇక్కడ మనం శీమై కరువేలం అని పిలిచేది దాన్నే. రామనాథపురం, విరుదునగర్ జిల్లాల్లో కంటికి ఆనినంత మేర అదే. 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని తొలగించమని గట్టిగా ఆదేశాలిచ్చింది. కాని పొలం ఎండిపోయిన ఏట ఆ కంప కొట్టి బొగ్గు కాల్చి అమ్ముకుని బతికిన కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎన్నో. పద్దులో రెండు వైపులూ రాయాలి.

మన పత్రిక చదివేవాళ్ళం ఈ మాట మరికొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. నాలుగు వందల ఏళ్ళకు పైబడి ఈ నేల మీద ఉండి, ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట మాట్లాడే మనం, వేరు ఎక్కడిదని మొక్కను నిలదీయడానికి తొందరపడకూడదు. అలాగని మనుషుల్నీ మొక్కల్నీ ఒక తక్కెడలో తూచడమూ తప్పే. మొక్క తాను ఎక్కడికి పోవాలో ఎంచుకోలేదు, దాన్ని ఎవరో నాటుతారు, ఎవరో విసురుతారు. మనిషికి ఎంచుకునే శక్తి ఉంది. అందుకే తప్పు కూడా మనిషిదే. నేను అడగవలసింది ఎక్కడిది అని కాదు, నా గోడ దాటాక ఏం చేస్తుంది అని.

రాజపాలయం నుంచి అరగంట బస్సు ప్రయాణంలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది. మన భాషలో ఎన్నదగిన కావ్యాల్లో ఒకటైన ఆముక్తమాల్యదకు కథాస్థలం ఆ ఊరే. కృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆ కావ్యంలోని విష్ణుచిత్తుడు తోటమాలి. ఆయన తోట పెంచింది స్వామికి మాల కట్టడానికి. ఆ తోటలో తులసి మొక్కల మధ్య దొరికిన పిల్ల గోదాదేవి. ఆమె మాలను ముందు తాను ముడుచుకుని చూసుకునేది. తండ్రి మాలలో వెంట్రుక చూసి బాధపడి, వేరే మాల కట్టాడనీ, స్వామి మాత్రం ఆమె ముడిచిన మాలే కావాలన్నాడనీ మన పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పటికీ తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు ఆండాళ్ మాల శ్రీవిల్లిపుత్తూరు నుంచే వెళుతుంది.

చిన్నప్పటి నుంచి విన్న కథే అయినా, మేకలు పోయాక అది నాకు మరోలా వినిపించింది. గోదాదేవి పువ్వును తాను అనుభవించింది. అది తప్పు కాలేదు. తోట యజమాని సంతోషించకూడదని ఏ ధర్మమూ చెప్పదు. అయితే ఆమె అనుభవించిందీ, అవతలివాడికి అందిందీ ఒకే మాల. నా తోటలో అనుభవించింది లోపల, విసిరింది బయట. పువ్వు నాకు, విషం సందుకు. ఇంకో సంగతి, ఆమె కథలో వెంట్రుక బయటపడింది. నా కథలో నేను ఆకును దాచాను.

అలా అయిదేళ్ళు గడిచాయి. 2024 మే నెలలో కేరళలో తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో అరళి పూలు వాడడం ఆపేశాయి. అరళి ఆకు నమలడం వల్లే ఒక యువతి చనిపోయిందన్న అనుమానం అందుకు కారణం. తమిళ పత్రికల్లో వచ్చింది, టీకొట్ల దగ్గర మాట్లాడుకున్నారు. ఆ రోజు నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు, భయం. ఆమె చెవిన పడి, తనంతట తానే లెక్క కట్టుకుంటుందేమోనని. నా మనసు ఎక్కడుందో నాకు ఆ భయంతోనే తెలిసింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, గుమ్మం బయట కూచుని జరిగింది జరిగినట్టు చెప్పాను. దడి, కొమ్మలు, వైద్యుడి మాట, నేను మింగిన మాట.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "డబ్బులిచ్చావు గదా సారూ, అది సరే. ఆ కొమ్మలు మీ గోడ లోపలే వేసుకోకూడదా?" అని అడిగింది.

కోపం లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగినట్టుంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. మరికొంత డబ్బు ఇవ్వబోతే, మేకలకు రావలసింది వచ్చిందని చెయ్యి అడ్డం పెట్టింది. ఖాతా సరిచేసింది ఆమె.

తరవాత దడి తవ్వించాను. కాల్చకూడదన్నారు, పొగ కూడా మంచిది కాదట. తోటలోనే లోతుగా గొయ్యి తీయించి పూడ్చాను. మా అమ్మ మాత్రం శివుడి పువ్వును మొదలంటా తీయకూడదని పట్టుబట్టింది. ఆమె మాటా న్యాయమే, మొక్క చేసిన నేరం ఏముంది? ఒక్క మొక్కను పెరటి నడిమధ్య, గోడకు దూరంగా ఉంచాను. రాలిన ఆకు, కత్తిరించిన కొమ్మ గొయ్యిలోకే. కొమ్మలు తీసుకుపోయి నాటుకున్న బంధువులకు ఫోను చేసి చెప్పాను. ఇద్దరు నవ్వారు, ఒకరు తీసేశారు.

గోడ వెంట ఇప్పుడు నందివర్ధనం, కనకాంబరం ఉన్నాయి. మూలన ఒక పొగడ. తురాయి వేద్దామని మా ఆవిడకు కోరిక ఉండేది. అందానికి సాటి లేదు కాని, గాలికి కొమ్మ విరుగుతుంది, పక్కింటి పిల్లలు ఆడుకునే జాగా ఆ కిందే. అశోకమని పేరు పెట్టి అమ్మే నరమామిడి వద్దనుకున్నాం. నిలువుగా పోతుంది, ఎవరికీ నీడ ఇవ్వదు. పొగడ నిదానంగా పెరుగుతుంది. దాని నీడలో నేను కూచుంటానో లేదో తెలియదు. పూలు రాలితే సగం సందులోనే రాలుతాయి, వీధి ఆడపిల్లలు ఏరుకుంటారు.

మొక్క కొనేటప్పుడు ఇప్పుడు నేను అడిగే ప్రశ్నలు తక్కువే. ఏ పశువూ ముట్టదంటే, ఎందుకు ముట్టదు? నీళ్ళు అడగదంటే, ఎవరి నీళ్ళు తాగుతుంది? తనంతట తానే పాకుతుందంటే, ఎంతవరకు? అమ్మేవాడు గొప్పగా చెప్పే గుణాన్నే తిప్పి అడుగుతున్నాను. అప్పు ఇచ్చేముందు జామీనుదారు ఎవరని అడిగే అలవాటు నాకు ఉద్యోగం నేర్పింది. మొక్క విషయంలో జామీను ఎప్పుడూ గోడ అవతలి మనిషే. ఆ మనిషి సంతకం మనం అడగం.

ఆమె మేకలు ఇప్పటికీ ఆ సందులోనే పోతాయి. దారిలో నేను కనిపిస్తే ఇదివరకటిలా చేతులెత్తి దండం పెట్టదు. "ఏం బ్యాంకు సారూ, బాగుండావా?" అని అడిగి వెళ్ళిపోతుంది. ఆ పలకరింపే నాకు తేలిగ్గా ఉంది.